అడుగులక్క

ఎవరు కొన్నారన్నావ్? మీ కంపెనీయా? ఏ స్టూడియో, వంతెన దాటాక ఎడమచేతి పక్క, ఎత్తు గోడ ఉంటుంది, అదేనా? మళ్ళీ కొన్నారా! ఉండు, ఆ కుర్చీ ఇటు లాక్కో, ఈ చెవి పనిచెయ్యదు నాకు. ఆ, ఇప్పుడు చెప్పు. ఉద్యోగంలో చేరి నెల తిరగలేదు, అప్పుడే స్టూడియో కొనేశావన్నమాట. సరే, నువ్వు కాదులే, మీవాళ్ళు. ఇంతకీ మీవాళ్ళు ఏం తయారుచేస్తారు? ఏమీ చెయ్యరా? మరి? వేరే కంపెనీల్ని కొంటారు. కొని ఏం చేస్తారు? అమ్ముతారు. ఊఁ. మంచిదే. వాసన ఉండదు. నవ్వుతావేమిటి, నిజంగానే అంటున్నా. దాన్ని పెట్టిన పెద్దాయన ఉన్నన్నాళ్ళూ ఆ స్టూడియోలో ఎక్కడ నిలబడ్డా చుట్ట వాసనే. ఏడు షూటింగ్ ఫ్లోర్లూ ఆయన కట్టించినవే, ఏడింట్లోనూ అదే వాసన. ఆయన పోయాక కొడుకులు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేసి గొట్టాల కంపెనీకి అమ్మేశారు. నీళ్ళ గొట్టాలు. వాళ్ళకి సినిమా అంటే ఏమిటో తెలియదు, తెలుసని అనుకోనూ లేదు, అది వాళ్ళలో మంచి గుణం. వచ్చిన మొదటి వారంలోనే కుళాయిలన్నీ మార్చారు. ఏళ్ళ తరబడి కారుతున్న కుళాయి ఒక్కసారి ఆగిపోయేసరికి, నేను రికార్డింగ్ థియేటర్లో కూర్చుని ఏదో తేడాగా ఉందేమిటా అని రెండు రోజులు వైర్లన్నీ వెతికాను. వాళ్ళ తర్వాత బిస్కెట్ల కంపెనీ. ఏ గదిలోకి వెళ్ళినా విరిగిన బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండేది, తినండి తినండి అనేవాళ్ళు. ఆ తర్వాత ఫోన్ల కంపెనీ. ఫోన్ల కంపెనీని ఇంకెవరో మింగేశారు, వాళ్ళు ఏం చేసేవాళ్ళో నేను రిటైరయ్యేదాకా నాకు తెలియలేదు. బహుశా మీవాళ్ళలాంటివాళ్ళే. గేటు మీద బోర్డు మారేది, జీతం కవరు రంగు మారేది, మేం మాత్రం పొద్దున తొమ్మిదింటికి అదే తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేవాళ్ళం. నేనూ, మిగతావాళ్ళూ, అడుగులక్కా.

అడుగులక్క గురించి నీకెప్పుడూ చెప్పలేదా? మీ నాన్నకి చెప్పానే. అయినా మీ నాన్న వింటూ వింటూ నిద్రపోతాడు, చిన్నప్పట్నుంచీ అంతే. సరే విను. సినిమాలో హీరోయిన్ నడిచొస్తుంది చూడు, టక్ టక్ మని, ఆ చప్పుడు హీరోయిన్‌ది కాదు. షూటింగులో మైకు మనిషి నోటి దగ్గర ఉంటుంది, కాళ్ళ దగ్గర ఎవడు పెడతాడు? తర్వాత మా థియేటర్లో తెర మీద బొమ్మ వేస్తారు. బొమ్మ నడుస్తుంటే కింద మైకు ముందు ఒక మనిషి కాలికి కాలు కలిపి సరిగ్గా అలాగే నడవాలి. ఇసక తొట్టి ఒకటి, కంకర తొట్టి ఒకటి, చెక్క పలకలు, రాతి పలకలు, అన్నీ వరసగా ఉంటాయి. ఆ నడిచే మనిషి ఆవిడ. గాజు పలకకి ఇవతల చెవులకి ఫోన్లు పెట్టుకుని దాన్ని పట్టుకునేవాణ్ణి నేను. ఆవిడకి ముందు ఒకాయన ఉండేవాడు, మంచివాడే గానీ మనిషి వంద కిలోలు. మగవాళ్ళకీ గుర్రాలకీ బాగానే సరిపోయేవాడు. ఒకసారి హీరోయిన్ భయం భయంగా మెట్లు దిగే సీను. ఆయన దిగాడు. పెద్దాయన వెనక వరసలో కూర్చుని అంతా విని, చుట్ట తీసి, "అమ్మాయి దిగుతోందా, బీరువా దింపుతున్నారా?" అన్నాడు. అంతే. సరిగ్గా అప్పుడు బయట వరండాలో ఎవరో నడుస్తున్న చప్పుడు విన్నాను. చెక్క నేల. తేలిగ్గా, కానీ దొంగ నడక కాదు, చేతిలో ఏదో మోస్తున్న మనిషి నడక. నేను ఆ రికార్డింగ్ కుర్చీలోకి వచ్చి ఏడాది కూడా కాలేదు అప్పటికి, అయినా లేచి పరిగెత్తాను. కుట్టుపని విభాగంలో బొత్తాలు కుట్టే ఆవిడ, బాగుచేసిన కోటు పట్టుకుని పోతోంది. నన్ను చూసి ఎక్కడో నిప్పంటుకుందనుకుంది. "అక్కా, ఒక్కసారి లోపలికొచ్చి నడవండి" అన్నాను. "ఎక్కడికి నడవాలి బాబూ?" అంది. "ఎక్కడికీ వద్దు, అక్కడే." నా మొహంలోకి చూసింది. పిచ్చివాడేమో అని చూసినట్టు కాదు, పని ఎంతసేపు పడుతుందో అని చూసినట్టు. కోటు కుర్చీ మీద పెట్టి, మెట్ల పలక ఎక్కి, తెర మీద అమ్మాయిని చూస్తూ దిగింది. పెద్దాయన చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆవిడ బొత్తాలు కుట్టలేదు. ఆ కోటు మాత్రం సాయంత్రం దాకా ఆ కుర్చీ మీదే ఉంది, పాపం ఎవరో విలను ఫ్లోర్లో చొక్కాతోనే బెదిరించాల్సొచ్చింది.

ఇరవై ఆరేళ్ళు నడిచింది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు, తాగినవాళ్ళు, అందరూ ఆవిడే. ఒకసారి అడిగాను, కాళ్ళు చూడకుండా ఎలా కలుపుతున్నారక్కా అని. "కాళ్ళు చూస్తే అప్పటికే ఆలస్యం తమ్ముడూ. మనిషి ముందు భుజంతో బయలుదేరతాడు, కాలు తర్వాత వస్తుంది" అంది. నేను తర్వాత వారం రోజులు వీధిలో అందరి భుజాలూ చూస్తూ నడిచి ఒక సైకిలాయన్ని గుద్దాను. వాళ్ళాయన బస్సు డ్రైవరు. ఆదివారం ఇద్దరూ సినిమాకి వెళ్ళేవాళ్ళు. పాపం ఆయన ఎంతో ముచ్చటపడి తీసుకెళ్ళేవాడు గానీ ఆవిడ చెవిలో చెబుతూనే ఉండేదట, "ఇది నేనే. ఇదీ నేనే." ఒక సినిమాలో రౌడీ హీరోయిన్ని తరుముతాడు, రౌడీని పోలీసులు తరుముతారు. ఆయన ఆత్రంగా ముందుకి వంగి చూస్తుంటే ఈవిడ, "కంగారుపడకండి, నన్ను నేనే తరుముకుంటున్నాను, చివరికి నేనే పట్టుకుంటాను" అందట. ఆయన బయటికొచ్చి బఠాణీలు తింటూ కూర్చున్నాట్ట. తర్వాత ఆ బస్సాయన త్వరగానే పోయాడు. ఆవిడ మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చింది. ఆ రోజు పని పెళ్ళి సీను, జనం హడావిడిగా తిరగడం. తిరిగింది. నేను గాజు ఇవతల కూర్చుని విన్నాను. ఎక్కడా తేడా లేదు. తేడా లేకపోవడమే నాకు ఏదోలా అనిపించింది.

ఇక నా సంగతి. నాకు చిన్నప్పట్నుంచీ ఏదీ పారెయ్యడం చేతకాదు, మీ మామ్మ తిట్టేది కదా, గుర్తుందా? ఖాళీ సీసాలు, తాళ్ళు... ఆ. సినిమా అయిపోయాక మిగిలిన టేపు ముక్కలు అందరూ చెత్తలో వేసేవాళ్ళు. నేను వెయ్యలేదు. ప్రతి ముక్కా స్పూలుకి చుట్టి, డబ్బాలో పెట్టి, చీటీ అంటించేవాణ్ణి. ఆడమనిషి, చెక్క నేల, తొందర. ఆడమనిషి, కంకర, సందేహం. మగమనిషి, బూట్లు, అప్పు అడగడానికి వెళ్తూ. నవ్వకు, అలాగే రాసేవాణ్ణి, ఆవిడ నడిచినప్పుడు అలాగే వినబడేది మరి. వరండా చివర గది ఒకటి ఉండేది, ఇనప తలుపుది. అది నిండిపోయింది. పెద్ద పుస్తకంలో అంతా అక్షరాల వరసలో ఎక్కించాను. గొట్టాలవాళ్ళు ఆ గది చూసి, ఇందులో కుళాయి లేదు కదా అని వెళ్ళిపోయారు. బిస్కెట్లవాళ్ళు వెళ్ళలేదు. వాళ్ళ తరపున ఒకాయన వచ్చాడు, మేం గడియారం అని పిలిచేవాళ్ళం, ఎవరు ఏ పని ఎంతసేపట్లో చేస్తున్నారో చేతి గడియారం చూసి రాసుకునేవాడు. చాలా మర్యాదస్తుడు. నన్ను మీరు అనే అనేవాడు. "ఈ గదిలో ఏముందండీ?" అన్నాడు. అన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే, తల్లీ. నేను ఉబ్బిపోయాను. "ఏది కావాలో అడగండి" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "నలభై ఏళ్ళ ఆడమనిషి, తడి మెట్లు, కోపంగా" అన్నాడు. నలభై సెకన్లలో తీసి మిషన్ మీద పెట్టాను. విన్నాడు. చప్పట్లు కొట్టాడు. నాకు బిస్కెట్ల డబ్బా ఇచ్చాడు, విరగనివి. ఇంటికి తెచ్చి మీ మామ్మకి ఇచ్చాను.

పది రోజులకి అక్కకి ఉత్తరం వచ్చింది. నా దగ్గరికి తెచ్చి ఆవిడే చదివింది, కళ్ళజోడు సర్దుకుని. ఇన్నేళ్ళ సేవలకి కంపెనీ సంతోషిస్తోంది, తమరి అడుగులు ఇప్పటికే తగినన్ని నిల్వలో ఉన్నందున వచ్చే నెల నుంచి తమరు స్వయంగా రానక్కర్లేదు. చదివి మడిచి, "తమ్ముడూ, నా అడుగులు వాళ్ళ దగ్గరున్నాయట" అంది. నేనేమన్నాను? గది చూపించింది నేనే అని చెప్పాలా వద్దా? చెప్పలేదు. మిషన్‌కి నూనె వేస్తున్నట్టు నటించాను. ఆ మిషన్‌కి నూనె వేసే చోటే లేదు. ఆవిడ తొట్లలో ఇసక చదును చేసి, చెప్పులన్నీ జతలు కలిపి అరలో పెట్టింది. నలభై మూడు జతలుండేవి, అన్నీ ఎవరెవరివో. తన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ చెప్పులకి చప్పుడే ఉండేది కాదు, కావాలనే అలాంటివి కొనుక్కునేది, పొద్దస్తమానం వినీ వినీ.

అప్పటికి ఆవిడకి యాభై ఎనిమిది దాటాయి. కొడుకూ లేడు, కూతురూ లేదు. పెద్ద బజారులో చెప్పుల షాపులో చేరింది. ఇంకెక్కడ చేరుతుంది? షాపాయన తర్వాత నాతో మొత్తుకున్నాడు. ఎవరైనా కొత్త జత వేసుకుని నాలుగడుగులు వేసి చూసుకుంటే, ఈవిడ విని, "ఇవి మీవి కావండీ, విప్పెయ్యండి" అనేదట. "ఎందుకండీ, బాగున్నాయిగా?" అంటే, "కాలికి బాగున్నాయి, మీకు బాలేవు." సగం మంది కొనకుండా పోయేవాళ్ళు. కొన్నవాళ్ళు మాత్రం తిరిగి తెచ్చి పోట్లాడింది లేదు. నేను ఆ షాపుకి ఎప్పుడూ వెళ్ళలేదు. ఏడేళ్ళు. మన ఇంటి నుంచి స్టూడియోకి పెద్ద బజారు మీదుగానే దారి. ఆ బజారు రాకముందే ఎడమ పక్క సందులోకి తిరిగి, చుట్టూ తిరిగి, తోళ్ళ గోదాముల వెనకనుంచి వెళ్ళేవాణ్ణి. ఆ కంపుకి ముక్కు మూసుకుని. మీ మామ్మ రోజూ అడిగేది, "ఇంత పొద్దున్నే ఎందుకు బయల్దేరతారు?" అని. నడక మంచిదని డాక్టరు చెప్పాడన్నాను.

ఈలోగా ఫోన్ల కంపెనీ వచ్చింది. పెద్ద కంపెనీ, కాగితం కూడా మందంగా ఉండేది. వచ్చాక పేరు రావాలని ఒక గొప్ప సినిమా మొదలుపెట్టారు. కథ ఏమీ లేదు. డెబ్బై ఏళ్ళ ముసలావిడ, ఇరవై ఏళ్ళుగా మాటల్లేని చెల్లెల్ని చూడ్డానికి ఊరికి నడిచి వెళ్తుంది. అంతే, గంటన్నర నడుస్తుంది. డైరెక్టరు కుర్రాడు, ఎప్పుడూ పెన్సిలు కొరుకుతుండేవాడు, పెన్సిలనే పేరు పడిపోయింది. నా దగ్గరికొచ్చి, "అడుగులు కావాలండీ, చాలా కావాలి" అన్నాడు. దానికేం భాగ్యం అని గది తెరిచాను. తెరిచి పుస్తకం చూస్తే ఏముంది? మన సినిమాల్లో ముసలమ్మలు నడవరమ్మా! కూర్చుని దగ్గుతారు. మహా అయితే గుమ్మం దాకా వస్తారు. ఆ గది మొత్తం మీద ముసలావిడ అడుగులు పదిహేడు. అవి కూడా అక్క ముప్పై అయిదేళ్ళప్పుడు నడిచినవి. సరే, ఆ పదిహేడే అటూ ఇటూ తిప్పి మొదటి రీలు నింపాను. పెన్సిలు విని చాలాసేపు ఆలోచించి, "ఏమీ అనుకోకండి, ఇది కోడలు అత్తగారిని వెక్కిరిస్తున్నట్టుంది" అన్నాడు. నిజం! అది ఆవిడ వాళ్ళత్తగారి నడకే, అప్పట్లో మేమందరం పడీపడీ నవ్వాం. ఏ వయసు అడుగులు ఆ రీల్లో వేసినా అతనికి నచ్చలేదు. "మొహం ఒకరిది, కాలు ఇంకొకరిది" అంటాడు. టేపు నెమ్మదిగా తిప్పితే ఏనుగొస్తోందన్నాడు. చివరికి నేనే చెప్పులేసుకుని దిగాను. "ఎవరో మగాయన మంచం కింద ఏదో వెతుక్కుంటున్నాడండీ" అన్నాడు. తర్వాత అడిగాడు, "అసలు ఈ అడుగులు ఎవరివి? ఆవిడ ఉన్నారా?" ఉన్నారు, పెద్ద బజారులో చెప్పుల షాపులో. "మీరు కలుస్తుంటారా?" రోజూ ఆ చుట్టుపక్కలనుంచే వస్తానన్నాను.

వెళ్ళాను. వెళ్ళక చస్తానా? షాపులో ఎవరూ లేరు. అక్క స్టూలు మీద కూర్చునుంది, జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి, ఆశ్చర్యం లేదు, ఏమీ లేదు, "కూర్చో, ఆ చెప్పు విప్పు" అంది. విప్పాను. తిరగేసి చూసింది. "ఎడమ మడమ బాగా అరిగింది. ఏడేళ్ళు రోజూ ఆ మూల దగ్గర ఎడమకి తిరిగితే అరగదూ?" అంది. నేలలోకి కుంగిపోయాను తల్లీ. "వినిపించేదా అక్కా?" అన్నాను. "తొమ్మిదికి పది నిమిషాల ముందు మూల దాకా వస్తావు, ఒక్క క్షణం ఆగుతావు, తిరుగుతావు. షాపు గడియారం ఆగిపోతే నిన్ను బట్టే సరిచేసేదాన్ని." అప్పుడు చెప్పేశాను. గది చూపించింది నేనే అక్కా, ఆ బిస్కెట్లవాళ్ళ గడియారానికి నేనే తీసి వినిపించాను అని. "తెలుసు. వరండాలోనే ఉన్నాను. తడి మెట్లు, కోపం అని ఆయనడిగితే నువ్వు పెట్టింది తప్పు స్పూలు. అది కోపం కాదు. ఆ రోజు నాకు చెప్పు బిగువైంది" అంది. ఇన్నేళ్ళూ నేను ఆ చీటీ మీద కోపం అని రాసుకున్నాను! తిట్టినా బాగుండేది. తిట్టలేదు. అరలోంచి ఒక జత తీసి నా ముందు పెట్టి, "ఇవి వేసుకో, ఇవి నీవి" అంది. డబ్బులిచ్చి కొనుక్కున్నాను. సినిమా సంగతి చెప్పాను. ముసలావిడ నడకా అని రెండుసార్లు అడిగింది. వస్తానంది.

రాగానే నడిపించెయ్యచ్చు అనుకున్నాను నేను. కానీ కంపెనీ పెద్దది కదా, ముందు కాగితం. కాగితాలు చూసే అబ్బాయి ఒకడుండేవాడు, నీ వయసే, నీలాగే చదువుకున్నవాడు, మంచివాడు. నాలుగు పేజీలు తెచ్చి సంతకం ఎక్కడ పెట్టాలో గుర్తులు కూడా పెట్టాడు. అక్క కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. అబ్బాయి కంగారుపడ్డాడు, ఎవరూ చదవరట. గంట పట్టింది. "బాబూ, ఇక్కడేదో రాశారు. సదరు వ్యక్తి ఇదివరకు వేసిన, ఇప్పుడు వేయుచున్న, ఇకముందు వేయబోవు అడుగుల చప్పుడు యావత్తూ, ఏ నేల మీదనైనా, శాశ్వతంగా కంపెనీకి చెందును. అంతేనా?" "అవునండీ, మామూలుగా రాసేదే." "ఇకముందు వేయబోయేవి కూడానా?" "అవునండీ." "మరి ఇప్పుడు నేను ఇంటికి ఎలా వెళ్ళాలి?" అంది. అబ్బాయి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. అబ్బాయి నవ్వు ఆపేసి ఆ లైను మళ్ళీ తనే చదువుకున్నాడు. అప్పుడు ఆవిడ రెండు మాటలు మార్చమంది. ఒకటి, ఇకముందు అన్నది కొట్టెయ్యాలి. రెండు, గదిలో ఉన్నవి ఏ సినిమా కోసం నడిచానో ఆ సినిమాకే ఉండాలి, కొత్తవాళ్ళ కాళ్ళకి తగిలించకూడదు, కొత్తవాళ్ళకి కావాలంటే బతికున్న మనిషిని పిలిచి నడిపించాలి. "మా షాపులో వాడిన చెప్పులు ఇంకొకరికి అమ్మం బాబూ. అంత పెద్ద కంపెనీ, మీకెందుకు?" అంది. అబ్బాయి అది రాసుకుని పైవాళ్ళకి పంపాడు. పైవాళ్ళు వాళ్ళ పైవాళ్ళకి పంపారు.

ఆరు వారాలు. సినిమా మొత్తం తయారు, అడుగులు తప్ప. ముసలావిడ తెర మీద గాల్లో తేలుతున్నట్టు పోతోంది. పెన్సిలు రోజుకి రెండు పెన్సిళ్ళు తినేస్తున్నాడు. ఒకరోజు మేనేజరు నన్ను పిలిచాడు. "మొదటి మాట ఒప్పుకుంటారు, రెండోది కుదరదు. ఆ గదితో కలిపే కదా స్టూడియో కొన్నాం. మీరు ఆవిడకి నచ్చజెప్పండి. లేకపోతే సినిమాని వేరే స్టూడియోకి పంపించి, మీ థియేటర్ మూసేస్తాం" అన్నాడు. మేం తొమ్మిదిమంది ఉండేవాళ్ళం థియేటర్లో. పెద్ద బజారుకెళ్ళి అదే చెప్పాను, తొమ్మిదిమంది అక్కా, అందరికీ సంసారాలు. ఆవిడ చెప్పు తుడవడం ఆపలేదు. "రెండో మాట తీసేస్తే ఈసారికి తొమ్మిదిమందీ ఉంటారు. నీది ఎలాగూ అన్నీ దాచే బుద్ధి. ఇంకో పదేళ్ళకి తలుపులేసే చప్పుడు, వాన, గాలి, మీ తొమ్మిదిమంది పనీ ఆ గదిలోకి చేరుతుంది. అప్పుడు మీ తొమ్మిదిమందికీ ఉత్తరాలొస్తాయి. నువ్వే చీటీలు అంటించి ఉంటావు" అంది. "నన్నేం చెయ్యమంటారక్కా?" అన్నాను. "నన్ను ఒప్పించమన్నారుగా. ఒప్పించు, వింటాను." నేను లేచి వచ్చి మేనేజరుతో, ఆవిడ ఒప్పుకోలేదు, నేను అడగనూ లేదు అన్నాను. నా జన్మలో పైవాడితో అలా మాట్లాడింది ఆ ఒక్కసారే. ఇంటికొచ్చి మీ మామ్మకి చెబితే, "అయితే రేపట్నుంచి బజారు మీదుగానే వెళ్ళండి, కూరగాయలు తేవచ్చు" అంది.

తర్వాత ఏమైందో చెబితే నువ్వు నమ్మవు, కానీ నీ ఉద్యోగమే అది కాబట్టి నమ్ముతావేమో. ఫోన్ల కంపెనీని ఎవరో కొనేశారు. ఒక సోమవారం పొద్దున గేటు దగ్గరికెళితే బోర్డు దింపుతున్నారు, అంతే మాకు తెలిసింది. మేనేజరు లేడు, పైవాళ్ళు లేరు, వాళ్ళ పైవాళ్ళు ఏమయ్యారో ఎవరికీ తెలియదు. కొత్త పెద్దమనిషి ఒకాయన వచ్చి ఒకే ఒక్కరోజు ఉన్నాడు. పాత కంపెనీవాళ్ళు సగంలో వదిలేసిన కాగితాలన్నీ ఆ ఒక్కరోజులో తేల్చెయ్యాలట. కాగితాల అబ్బాయి రెండు వందల పైచిలుకు కాగితాలు దొంతర పెట్టి తీసుకెళ్ళాడు. క్యాంటీన్ కాంట్రాక్టు, జనరేటరు, లిఫ్టు మరమ్మతు, వాటి మధ్యలో అక్కది, ఆవిడ చెప్పిన రెండు మాటలతోనే శుభ్రంగా టైపు కొట్టి. నేను వెళ్ళాను సాక్షిగా. ఆయన ఫోన్లో మాట్లాడుతూ సంతకాలు పెడుతున్నాడు. మనది వచ్చినప్పుడు చెయ్యి ఆగింది. "ఏమిటిది, అడుగులు?" అన్నాడు. అబ్బాయి ఏమాత్రం తొణక్కుండా, "నేలకి సంబంధించినదండీ" అన్నాడు. "ఓ" అని పెట్టేశాడు. బయటికొచ్చాక ఆ అబ్బాయికి నేను మంచినీళ్ళిచ్చాను. తర్వాత రెండేళ్ళకి ఎవరో ఆ కాగితం బయటికి తీసి మీటింగు పెట్టుకున్నారట, ఏమీ చెయ్యలేక ఊరుకున్నారు. థియేటర్లోకి ఇద్దరు అమ్మాయిల్ని నడవడానికి తీసుకున్నారు. వాళ్ళకి అక్కే నేర్పింది.

ఆ నడక, ఆ సినిమా నడక, మూడు రోజులు చేసింది. అప్పటికి ఆవిడకి అరవై ఆరేళ్ళు. మోకాలు ఎక్కడ పట్టేస్తే అక్కడ పట్టేసింది, దాచలేదు. పెన్సిలు ఆ మూడు రోజులూ నోట్లో పెన్సిలు పెట్టుకోలేదు. ఆఖరి రీలు. ముసలావిడ చెల్లెలి ఇంటి ముందుకొచ్చి ఆగుతుంది. తలుపు కొట్టదు. రెండు నిమిషాలు ఊరికే నిలబడి ఉంటుంది తెర మీద. ఇక్కడ అడుగులేమీ లేవు కదా, మిషన్ ఆపేస్తానక్కా అన్నాను. "ఆపకు" అంది. రాతి పలక మీద మైకు ముందు నిలబడింది. నిలబడిందంతే. మొదట నాకేమీ వినపడలేదు. తర్వాత... ఎలా చెప్పను నీకు... బరువు ఈ కాలి మీదనుంచి ఆ కాలి మీదకి మారింది. ఇసక రేణువు ఒకటి నలిగింది. మడమ లేవబోయి మళ్ళీ ఆనింది. వెళ్ళిపోదామనుకుని ఆగిన మనిషి. ముప్పై అయిదేళ్ళు చెవులకి ఫోన్లు పెట్టుకున్నాను, అలాంటిది వినలేదు. అయ్యాక ఆవిడ పలక దిగి, "చాలా, ఇంకోసారి చెయ్యాలా?" అంది. తనే చాలనుకుని బయటికెళ్ళి టీ తాగింది.

సినిమా? ఏదో, రెండు వారాలాడింది. అక్క ఇంకో అయిదేళ్ళుంది. చెప్పుల షాపులోనే, స్టూలు మీదే పోయింది, ఎవరిదో కొలత తీస్తూ. ఆ రెండు నిమిషాల స్పూలుకి ఇంకో కాపీ తీశాను నేను. దానికి చీటీ అంటించలేదు. ఏం రాయాలో తెలియలేదు. పుస్తకంలోనూ ఎక్కించలేదు, ఇంటికి తెచ్చేశాను. ఆ బీరువాలో ఉంది, దుప్పట్ల కింద. మిషన్ లేదమ్మా, ఇప్పుడెక్కడ దొరుకుతుంది? దొరికినా ఈ చెవులకి ఏం వినిపిస్తుంది. నీకు పెట్టినా నువ్వు అంటావు, ఇందులో ఏమీ లేదు కదా తాతయ్యా అని. ఏమీ లేదు. నిలబడిందంతే...

ఊఁ?

వద్దు, తియ్యకు. ఉండనీ అక్కడే. మేడ మీద బట్టలు ఆరేశావా నువ్వు? మబ్బు పట్టింది చూడు, వెళ్ళి తీసుకురా.